తవిటమ్మ ఒప్పుకోని బంతి

లాగ్ 1

ఆట ఉన్న ప్రతిరోజూ అంపైరు లాగ్ రాసి పంపాలని లీగ్ నియమం. ఇన్నేళ్లుగా పంపుతున్నాను, ఒక్కడూ చదివిన పాపాన పోలేదు. పోయిన సీజన్‌లో ఒక వారమంతా ఉల్లిపాయ పులుసు ఎలా పెట్టాలో రాసి పంపాను. "వివరాలు అందాయి, ధన్యవాదాలు" అని జవాబొచ్చింది. అందుకని ఈసారి భయం లేకుండా ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

పొద్దున పనులు మామూలే. టోపీని చార్జింగ్‌లోంచి తీసి పెట్టుకున్నాను. వికెట్లలో ఉండే కెమెరా కళ్లు తుడిచాను. ఊరంతా కప్పిన గొడుగులోకి దుమ్ము రాదని లీగ్‌వాళ్లు ప్రకటనల్లో చెప్పుకుంటారు. నా తుడుపుగుడ్డ చూస్తే వాళ్లకే దగ్గొస్తుంది. కావలి పట్టణం మీద ఈ గొడుగు కట్టి ఇరవై ఏళ్లయింది. బయట యాభై రెండు డిగ్రీలు, లోపల ముప్పై నాలుగు. అదే మహాప్రసాదమని జనం దీని కింద ఉండనిచ్చే నీడపట్టా కోసం ప్రాణాలు పెడతారు.

ఆటగాళ్ల చలవకోట్లు కూడా నేనే పరీక్షించాలి. ఉద్దానం జట్టులో బమ్మిడి తవిటమ్మ కోటు పాతది. భుజం దగ్గర గొట్టం ఉండుండి టిక్కుమంటోంది.

"మార్చమని అడిగేను బావూ. వొచ్చే వారమన్నారు" అంది.

వచ్చే వారానికి సీజన్ అయిపోతుంది. ఈ లీగ్‌లో ఏది అడిగినా వచ్చే వారమే.

మధ్యాహ్నం ఆట చివరికొచ్చింది. రాజధాని జట్టు మీద గెలవడానికి ఉద్దానానికి పదకొండు పరుగులు కావాలి, ఒక్క వికెట్టే మిగిలింది. క్రీజులో తవిటమ్మ, నా పక్కన అవతలి కొసలో బాషా. బంతి ఆఫ్ స్టంప్ బయట పడింది. తవిటమ్మ బ్యాట్ చాపింది. బంతి వెళ్లి కీపర్ రుత్విక్ చేతుల్లో పడింది. రాజధానివాళ్లు పదకొండు మందీ పెళ్లిలో బ్యాండుమేళంలా అరిచారు.

బ్యాట్‌కీ బంతికీ మధ్య జానెడు ఖాళీ ఉంది. ఆ సందులోంచి రుత్విక్ గ్లవ్ మొత్తం నాకు కనబడింది. టిక్కుమన్నది చలవకోటు. అది నేనూ విన్నాను, తీర్పు చెప్పే యంత్రమూ విన్నది. ఆటగాళ్లు ఆ యంత్రాన్ని పెద్దాయన అంటారు. పెద్దాయన నా చెవిలో "అవుట్" అన్నాడు. దున్నపోతు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు నా వేలు పైకి లేచింది. నాకిచ్చే జీతమే ఆ వేలుకి.

తరవాత అవుటైనవాళ్లు బ్యాట్ పిడి మీదున్న బిళ్ల మీద చెయ్యి పెట్టి "ఒప్పుకున్నాను" అనాలి. అనందే పెద్దాయన లెక్కలో బంతి ముగిసినట్టు కాదు. ఈ నియమం పెట్టినప్పటి నుంచీ అందరూ అంటూనే ఉన్నారు. పళ్లు నూరుకుంటూ అన్నవాళ్లున్నారు, బూతుల మధ్యలో ఇరికించి అన్నవాళ్లున్నారు. అనకుండా పోయినవాళ్లు లేరు.

తవిటమ్మ పిడి మీద చెయ్యి పెట్టలేదు.

"నానొప్పుకోను. నాకు తగల్నేదు" అంది.

పైనున్న ఇద్దరు వ్యాఖ్యాతలూ అప్పటికే "అద్భుతమైన నిర్ణయం" అనేశారు. ఏం చెయ్యాలో తోచక మళ్లీ అన్నారు. పెద్దాయన ప్రశాంతంగా చెప్పాడు: "ఒప్పుకోలు అందలేదు. బంతి నడుస్తోంది."


లాగ్ 2

ఇందులో ఉన్న చిక్కు మొదట బాషాకి అర్థమైంది. బంతి నడుస్తోందంటే పరుగు తీయొచ్చు. రుత్విక్ బంతి పట్టుకుని, ముక్కు గోక్కుంటూ పెవిలియన్ వైపు చూస్తున్నాడు. బాషా "రా అక్కా" అని ఒక్క కేక పెట్టి పరిగెత్తాడు. తవిటమ్మ ఇటు, అతను అటు.

"ఒక పరుగు" అన్నాడు పెద్దాయన.

రుత్విక్ గోకడం ఆపాడు. అప్పటినుంచి బంతిని వికెట్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు, అట్లకాడ పట్టుకుని పొయ్యి దగ్గర కూర్చున్నట్టు. ఈ ఇద్దరిలో ఎవరు క్రీజు దాటినా రనౌట్. రుత్విక్ ఏమరుపాటుగా ఉంటే ఇంకో పరుగు. అందుకని ఫీల్డర్లు వెళ్లలేరు, ఈ ఇద్దరూ వెళ్లలేరు. ఆట ముగియలేదు కాబట్టి నేనూ వెళ్లలేను. ఇడ్లీ తినడానికి కూడా లేకుండా పదిహేను మందిమి మైదానంలో నిలబడ్డాం అనబోయాను. పద్నాలుగు మందిమే. ఆకలి మీద లెక్క తప్పుతోంది.

ఆ పరుగుతో తవిటమ్మ నా పక్కకొచ్చింది. ముప్పై దగ్గర వయసుంటుంది, ఎండకి నల్లబడ్డ చేతులు, చలవకోటు ఇంకా టిక్కుమంటూనే ఉంది.

"మీరు సూసారు కదేటి బావూ?" అంది.

"చూశాను."

"తగిలిందా?"

"లేదు."

"మరి ఏలెందుకెత్తేరు?"

"నా వేలు నాది కాదమ్మా. టోపీతో పాటు లీగ్ ఇచ్చింది" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

ఇదే ఆమెకి మూడో సీజన్. మూడు సీజన్లు ఎర్రమార్కు లేకుండా ఆడితే ఆటగాడికీ ఇంట్లోవాళ్లకీ నీడపట్టా ఇస్తారు. వాళ్ల అప్ప, అంటే అక్క, ఆవిడ పిల్లలిద్దరూ సోంపేటలో రేకుల షెడ్డులో ఉంటున్నారట. ఈ ఒక్క మ్యాచ్ అయిపోతే నలుగురూ గొడుగు కిందకి వచ్చేస్తారు. తీర్పుకి ఎదురుచెప్పినట్టు తేలితే ఎర్రమార్కు పడుతుంది, పట్టా పోతుంది.

"అంత తెలిసినదానివి ఆ ఒక్క మాటా అనేసి పోరాదా?" అన్నాను.

"అంటాను. పట్టా వొస్తాది. మా అప్ప కొడుకు టీవీలో సూస్తన్నాడు బావూ. నిజంగా తగిలిందా పిన్నీ అని అడుగుతాడు. నేదంటే, మరెందుకు ఒప్పుకున్నావంటాడు. ఆడికి నానేటి సెప్పాలి?"

అలాంటి పిల్లలకి ఏదో ఒకటి చెప్పి పడుకోబెట్టాలి, అందరం చేసేది అదే అన్నాను. ఆమె నావైపు చూసిన చూపుకి టోపీ సర్దుకుని అటు తిరిగాను.


లాగ్ 3

నిన్న రాత్రంతా ఇదే తంతు. రుత్విక్ కునికినప్పుడల్లా పరుగు. మూడొచ్చాయి. ఇప్పుడు గెలవడానికి ఏడు కావాలి.

పొద్దున తీర్పుల విభాగం మేనేజర్ కౌశిక్ దిగాడు. నాకు కొడుకు వయసు ఉంటుంది. క్రికెట్ బంతిని ఎప్పుడైనా చేత్తో పట్టుకున్నాడో లేదో తెలియదు గానీ మెళ్లో రెండు ఐడీ కార్డులున్నాయి.

"భాస్కరం అంకుల్, ఇది చాలా సింపుల్ ఇష్యూ. మీరు సీనియర్ కదా, ఆమెకి కూల్‌గా ఎక్స్‌ప్లెయిన్ చేయండి" అన్నాడు.

"ఏమని?"

"మన సిస్టమ్ తప్పు చేయదు అని."

"తప్పు చేసింది కదా."

"తప్పు చేయదు కాబట్టే కదా అంకుల్, తప్పు చేసిందని రాసుకోవడానికి ఎక్కడా కాలమ్ కూడా పెట్టలేదు" అన్నాడు. ఆ మాట నిజంగానే అన్నాడు, నేను కల్పించలేదు.

ఇక్కడ ఆటగాళ్ల గురించి కూడా నిజం రాయాలి. వాళ్లేమీ ధర్మరాజులు కారు. యంత్రం రాకముందు నేను సొంత వేలితో అంపైరింగ్ చేసిన రోజుల్లో నన్ను గుడ్డివాణ్ణన్నారు, అమ్ముడుపోయాడన్నారు. ఒక కెప్టెన్ నా కాళ్ల ముందు బ్యాట్ విసిరి జట్టు మొత్తాన్నీ వెంటేసుకుని వెళ్లిపోయాడు. అతను అవుటన్న సంగతి గ్యాలరీలో బఠాణీలమ్మేవాడికి కూడా తెలుసు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ప్రతివాడికీ అంపైరే ఓడు. బ్యాట్ అంచు తగిలినా నేను చూడకుండా వదిలేసిన రోజున మాత్రం ఒక్కడూ "మాస్టారూ, తగిలింది" అని వెనక్కి పోలేదు. ఆ గొడవలు కోర్టుల దాకా పోయి, లాయర్లు ఈ ఒప్పుకోలు కనిపెట్టారు. ఎదురుచెప్పే అలవాటు మాన్పడానికి ఎదురుచెప్పే నోటితోనే ఒప్పించాలన్నది వాళ్ల తెలివి. నోరు తెరవకుండా నిలబడేవాళ్లు ఉంటారని వాళ్లకి తట్టలేదు. వాళ్ల వృత్తిలో అలాంటి మనుషులు తగలరు.

కౌశిక్ స్వయంగా క్రీజు దాకా నడిచి వెళ్లాడు. తెల్లబూట్లు పిచ్ మీద పెట్టబోతుంటే అరిచి పక్కకి జరిపాను.

"మేడమ్, ఒక్క మాట. మీ పట్టా ఫైల్ నా టేబుల్ మీదే ఉంది" అన్నాడు.

"ఉండనీ బాబూ. ఎగిరిపోకండా దానిమీద ఏటైనా బరువెట్టు" అంది తవిటమ్మ.


లాగ్ 4

మధ్యాహ్నానికి ఉద్దానం జట్టువాళ్లు దుప్పట్లు తెచ్చి క్రీజు చుట్టూ నాలుగు వైపులా పట్టుకున్నారు. లోపల ఆమె అవసరం ఏదో తీర్చుకుంటోంది, బ్యాట్ మాత్రం దుప్పటి కిందనుంచి క్రీజులోకి చాచి ఉంది. రుత్విక్ మర్యాదగా అటు తిరిగి, బంతి మాత్రం వికెట్ల మీదే ఉంచాడు. వ్యాఖ్యాతలు ఆ సేపంతా వాతావరణం గురించి మాట్లాడారు. గొడుగు కింద వాతావరణం ఏముంటుందో వాళ్లకే తెలియాలి.

జనం మాత్రం విరగబడ్డారు. ఫైనల్‌కి కూడా నిండని గ్యాలరీలు నిండిపోయాయి. వాళ్లు "తగల్లేదు, తగల్లేదు" అని అరుస్తుంటే, టీవీలో అది చప్పట్లుగా మారి వినబడుతోందట. ప్రేక్షకుల నిరసనని శుభ్రం చేసి పంపే ఏర్పాటు లీగ్‌కి ఎప్పటినుంచో ఉంది.

సాయంత్రం ఇంకో వింత. బాషా ఊరికే రెండడుగులు వేసి ఆగాడు. నిన్నటినుంచీ నిద్ర లేని రుత్విక్ ఉలిక్కిపడి బంతి విసిరాడు. అది వికెట్లకి తగలకుండా నా చెవి పక్కనుంచి పోయి బౌండరీ గీతకి ముందే ఆగింది. దాన్ని తెచ్చేలోగా ఈ ఇద్దరూ రెండు పరుగులు తీశారు. ఇక అయిదు.

అప్పుడుగానీ లీగ్ పెద్దలకి చెమటలు పట్టలేదు. అవుటని తాము ప్రకటించిన మనిషి ఆ అవుటైన బంతికే మ్యాచ్ గెలిపించేలా ఉంది. ఆ రాత్రి లాయర్లు ఒప్పందమంతా చదివారు. రాసిన తరవాత దాన్ని మొదటిసారి చదవడం అదే అనుకుంటాను. అందులో ఒక క్లాజు దొరికింది: ఆటగాడికి స్పృహ లేనప్పుడు అతని తరఫున అంపైరు "ఒప్పుకున్నాను" అనవచ్చు. తలకి బంతి తగిలి పడిపోయేవాళ్ల కోసం పెట్టింది.

"కానీ ఆవిడకి స్పృహ ఉందిగా" అన్నాను కౌశిక్‌తో.

"ఇప్పటికి ఉంది అంకుల్" అన్నాడు.

"మరి పట్టా?"

"అంపైర్ ఒప్పుకుంటే ఆమె రెఫ్యూజ్ చేసినట్టే కదా. ఎర్రమార్కు ఆటోమేటిక్."


లాగ్ 5

పొద్దున్నే మైదానం వైపు చలవ యంత్రాలు ఆగిపోయాయి. మరమ్మతని ప్రకటించారు. ముప్పై నాలుగు నలభై అయింది, తరవాత నలభై అయిదు. చలవకోట్లకి కరెంటు కూడా అదే తీగలోంచి వస్తుంది. తవిటమ్మ కోటు టిక్కుమనడం మానేసింది.

నాకు ఒళ్లు మండిపోయింది, ఎండకి కాదు. ఒక ఆడమనిషిని పడగొట్టడానికి ఊరి గొడుగుకి చిల్లు పెట్టుకున్న ప్రబుద్ధులు వీళ్లు. ఇంతకంటే చలవకోటు గొట్టం మార్చడం సులువు కదా.

వాళ్లు మరిచిపోయింది ఒకటుంది. రాజధాని జట్టులో అందరూ అక్కడి పాత గొడుగు కింద పుట్టినవాళ్లు. అసలైన ఎండ ఎలా ఉంటుందో పాఠాల్లో చదువుకున్న పిల్లలు. మొదట థర్డ్‌మ్యాన్ కూర్చుండిపోయాడు. తరవాత స్లిప్పులో ఇద్దరు, తోడికోడళ్లలా ఒకరినొకరు చూసుకుని ఒకేసారి పడ్డారు. స్ట్రెచర్లు తిరుగుతున్నాయి. తవిటమ్మ కొంగులాగా రుమాలు నెత్తికి కట్టుకుని బ్యాట్ మీద ఆనుకుని నిలబడింది.

"ఇది మాకు కార్తీకం ఎండ బావూ" అని నాకు వినబడేలా అంది. గొంతు మాత్రం ఎండిపోయి ఉంది. రెండు రాత్రుల నిద్ర బాకీ ఎక్కడికి పోతుంది.

చివరికి రుత్విక్ కళ్లు తేలేశాడు. బంతి చేతిలో ఉండగానే పక్కకి ఒరిగాడు. బాషా కేక వేశాడు. ఒక పరుగు. మళ్లీ తిరిగి రెండోది. మూడోదానికి బాషా సగం దూరం వచ్చేశాడు గానీ, ఆమె కాలు కదలలేదు. మోకాళ్లు వంగి, బ్యాట్ క్రీజులోనే ఉంచి, దానిమీదే పడిపోయింది. బాషా వెనక్కి పరిగెత్తి "సార్, నీళ్లు, నీళ్లు తెప్పీండి సార్" అని ఏడుస్తున్నాడు.

మూడు పరుగులు మిగిలాయి. పరిగెత్తుకుంటూ ఆమె దగ్గరికి వెళ్లాను. ఊపిరి ఆడుతోంది, పిలిస్తే పలకడం లేదు.


లాగ్ 6

ఇది నిన్నటిదే, విడిగా రాస్తున్నాను.

నేను ఆమె పక్కన మోకాళ్ల మీద ఉండగా పెద్దాయన చెవిలో అడిగాడు: "ఆటగాడికి స్పృహ లేదు. అంపైరు ఆమె తరఫున ఒప్పుకుంటున్నారా?"

నీళ్లు మొహం మీద చల్లుతున్నాను. వెంటనే అదే చెవిలోకి కౌశిక్ వచ్చాడు.

"అంకుల్, అనేయండి. డాక్టర్ గేటు దగ్గరే ఉన్నాడు. ఆట ముగిస్తేనే కదా లోపలికి రాగలడు."

స్ట్రెచర్లు పొద్దుటినుంచీ లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉన్నాయి. రాజధానివాళ్లు పడిపోతే రాగలిగిన డాక్టరు ఈమెకి మాత్రం రాలేడట.

"అంకుల్, మీకూ ఒక పట్టా ఉంది. గుర్తుంది కదా?"

నాకు పట్టా గుర్తుంది. ఇంట్లో ఉబ్బసంతో ఉన్న మా ఆవిడ గుర్తుంది. ఆవిడ నిన్న పొద్దున మైదానానికి ఫోన్ చేసి, "ఆ పిల్లకి తగల్లేదని మీకు తెలుసు కదూ" అని మాత్రం అంది. నేను ఫోన్ పెట్టేశాను. ఏ పుణ్యం కోసమో చేశానని రాస్తే అబద్ధం. నాకు కోపం వచ్చింది. యంత్రం మీద కాదు, దానికేం తెలుసు, గొట్టం చప్పుడు విన్నది. తెలిసీ తెలియనట్టు నడిచే ఈ మనుషుల మీద, వాళ్లలో అందరికంటే పాతవాణ్ణయిన నామీద.

"నాటౌట్" అన్నాను.

"ఆ మాట గుర్తించలేకపోయాను. మళ్లీ చెప్పండి" అన్నాడు పెద్దాయన.

"నాటౌట్. బ్యాట్‌కి తగల్లేదు. నేను చూశాను."

చెవిలో కౌశిక్ ఏదో అంటున్నాడు. పెద్దాయన మాత్రం నియమాలు తిరగేస్తూ ఒక నిమిషం తీసుకున్నాడు. అంతసేపు అతను ఆలోచించడం నేనెప్పుడూ వినలేదు. ఆ లాయర్లు పాత నియమాల మీదే కొత్తవి అతికించారు, కింద ఉన్నవాటిని తీసెయ్యడానికి బద్ధకించారు.

"పాత నియమం దొరికింది. అంపైరు నాటౌట్ అంటే అప్పీలు చెల్లదు. బంతి ముగిసింది. ఎనిమిది పరుగులు" అన్నాడు.

గేటు తెరుచుకుంది. డాక్టరు పరిగెత్తుకొచ్చాడు. వ్యాఖ్యాతలు "అద్భుతమైన నిర్ణయం" అన్నారు. వాళ్లని ఏ దేవుడూ బాగుచెయ్యలేడు.


లాగ్ 7

రాజధానివాళ్లలో సగంమందికి సెలైన్లు ఎక్కుతుంటే, మిగతా ఆట ఈ పొద్దుటికి వాయిదా వేశారు. చలవ యంత్రాల మరమ్మతు చిత్రంగా నిన్న సాయంత్రమే పూర్తయింది.

తవిటమ్మకి ఎర్రమార్కు పడలేదు. అవుటే కానప్పుడు ఒప్పుకోకపోవడం అనే నేరం లేదు. పట్టా ఫైలు కదిలిందట. నా ఫైలు కూడా కదిలింది, ఎదురు దిక్కుకి. నెలాఖరుకల్లా గొడుగు ఖాళీ చెయ్యమన్నారు. మా ఆవిడ అప్పుడే సామాన్లు సర్దుతోంది. ఉబ్బసం మందులు పై సంచీలో పెట్టుకుంది. "బయట ఉండేవాళ్లు మనుషులు కారా" అంది. ఆవిడకి భయంగానే ఉంది, నాకూ ఉంది.

కౌశిక్ నా టోపీ, చెవిలో పెట్టుకునే బిళ్ల తీసేసుకున్నాడు. మిగతా ఆటకి వేరే అంపైరుని పెడదామంటే దేశంలో ఎవడూ లేడు. వేలెత్తడానికి మనుషులెందుకని నా తరవాత ఎవరికీ నేర్పలేదు. అందుకని బోడినెత్తితో నేనే నిలబడ్డాను.

గెలవడానికి మూడు పరుగులు. తవిటమ్మ నిద్రపోయి లేచిన మొహంతో వచ్చి గార్డు తీసుకుంది. బౌలర్ పరిగెత్తుకొచ్చాడు. మంచి బంతి, లోపలికి తిరిగింది. ఆమె ముందుకొచ్చి ఆడింది. బంతి బ్యాట్‌కీ ప్యాడ్‌కీ మధ్య నుంచి దూరి మిడిల్ స్టంప్‌ని పీకి పడేసింది.

నా చెవిలో ఎవరూ ఏమీ అనలేదు. వేలెత్తాను.

నేను చెయ్యి దించకముందే తవిటమ్మ పిడి మీద అరచెయ్యి పెట్టి, గ్యాలరీ చివరిదాకా వినబడేలా "ఒప్పుకున్నాను" అంది. గ్లవ్స్ విప్పుకుంటూ నా పక్కనుంచి నడిచింది. నవ్వుతోంది.

"ఇదీ అవుటంటే. బలే బంతేసేడు బావూ" అంది.

ఉద్దానం రెండు పరుగుల తేడాతో ఓడిపోయింది. అవుటైనవాళ్లని నా సర్వీసులో కొన్ని వేలమందిని చూశాను. బౌలర్ని మెచ్చుకుని వెళ్లిన మనిషి ఈమె ఒక్కతే. నాకు ఏడుపొచ్చింది. ఎవరూ చూడకుండా అవతలి కొసకి నడిచి వంగి, వికెట్ల మీంచి పడ్డ బెయిల్స్ ఏరుకున్నాను.